భూగర్భమున వాయుమార్గము

నస్పూరు వాసులకు భూగర్భమనగానే బొగ్గు స్ఫురించును. గోదావరి కావలి గట్టున నున్న రామగుండమునకు మరియొక ఇంధనము నేలలోపలి మార్గముననే వందల కిలోమీటర్లు పయనించి వచ్చుచున్నది. అదియే సహజవాయువు.

రామగుండమున 1980లో ఉత్పత్తి నారంభించిన ఎరువుల కర్మాగారము బొగ్గుపై నాధారపడి నడచి, 1999లో మూతపడినది. ఆ తావున వెలసిన నూతన కర్మాగారము 2021లో యూరియా ఉత్పత్తి ప్రారంభించినది. దీనికి ముడిపదార్థము సహజవాయువు. దాని నందించుటకై ఆంధ్రప్రదేశ్‌లోని కుంచనపల్లి నుండి రామగుండము వరకు సుమారు 365 కిలోమీటర్ల ఉక్కుగొట్టపు మార్గము నిర్మింపబడి, 2019లో పనిచేయ నారంభించినది.

ఇట్టి మార్గములను నిర్మించుట సులభము గాదు. మెత్తని పొలమున యంత్రము త్వరగా కందకము త్రవ్వును. రాతినేలలోనైతే బండలను పగులగొట్టవలెను. వాడిరాళ్లు గొట్టపు పైపూతను గీరకుండ అడుగున మెత్తని మన్ను పరవవలెను. కొండవాలున వాననీటికి మన్ను కొట్టుకొనిపోకుండ అడ్డుకట్టలు వేయవలెను. పెద్ద యేరు అడ్డమైనచో దాని అడుగునకు దిగువగా రంధ్రము తొలిచి, గొట్టమును ఆవలి గట్టునకు లాగుదురు. గనులు త్రవ్విన నేల క్రుంగు భయము గలదు గనుక అట్టి తావులను వీలైనంతవరకు తప్పింతురు.

గొట్టముల అతుకులను ఎక్స్-కిరణములు మొదలగు సాధనములతో పరీక్షింతురు. లోపమున్న అతుకును సరిచేయుదురు, లేదా కోసివేసి మరల అతుకుదురు. పిమ్మట గొట్టము నిండ నీరు నింపి, వాయువు కలిగించు ఒత్తిడికంటె హెచ్చు ఒత్తిడిని గంటల తరబడి నిలిపి చూతురు. తుప్పు పట్టకుండ స్వల్ప విద్యుత్ప్రవాహమును గూడ ఏర్పాటు చేయుదురు.

1962వ సంవత్సరపు చట్టము ననుసరించి, గొట్టము పోవు భూమి రైతునకే చెందియుండును. అతడు నష్టపరిహారము పొంది, మరల పైరు వేసికొనవచ్చును. ఇల్లు కట్టుట, బావి త్రవ్వుట, చెట్లు నాటుట మాత్రము కూడదు.

ఏ జాగ్రత్త లోపించినను కీడు మూడును. 2014 జూన్ 27వ తేదీన కోనసీమలోని నగరం అను గ్రామమున వాయుగొట్టము పగిలి, మంటలు చెలరేగి, 20 మందికి పైగా మరణించిరి. తేమగల వాయువు ప్రవహించి గొట్టమును లోపలినుండి తినివేసినదని విచారణలో తేలినది.

కావున గొట్టము లోపలికి పరికరములను పంపి దాని గోడ మందమును కొలుచుచుందురు. కావలివారు మార్గము వెంబడి తిరిగి చూచుచుందురు. హెచ్చరిక ఫలకమున్న చోట నేలను త్రవ్వరాదని ప్రజలును ఎరుగవలెను. గనిలోని కార్మికుడు పైకప్పును తట్టి చూచిన పిదపనే పనికి పూనుకొనును. కంటికి కానరాని గొట్టము విషయమునను అంతటి మెలకువ యవసరము.