వైటూకే: రెండు అంకెలు మనోళ్లను అమెరికా ఎలా ఎక్కించాయి?

మా తుర్కయంజాల్ వైపు వెంచర్లలో ఈ ప్లాట్ ఎవరిదని అడిగితే, "వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడు" అనే మాట తరచుగా వినిపిస్తది. ఇంతమంది అక్కడికి ఎలా పోయారు? అందులో పెద్ద మలుపు రెండు అంకెల దగ్గర ఉంది.

పాత కంప్యూటర్లలో మెమరీ చాలా ఖరీదు. అందుకే కోబాల్ ప్రోగ్రాముల్లో 1965కి బదులు 65 అని రాసేవాళ్లు. మరి 2000 వస్తే? 00లోంచి 65 తీసేస్తే వయసు మైనస్ 65! బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు హడలిపోయాయి. పాత కోడ్ మొత్తం లైన్ లైన్ చూడాలి. అదే టైమ్‌లో ఇంటర్నెట్ బూమ్. అక్కడి ఇంజినీర్లు సరిపోలేదు.

దాంతో అమెరికా తలుపులు ఇంకాస్త తెరిచింది. 1990 చట్టంలో ఏడాదికి 65,000 హెచ్‌1బీ వీసాలే. ఆ కోటా 1999 ఆర్థిక సంవత్సరానికి 1,15,000, 2001కి 1,95,000 అయ్యింది. ఇక్కడ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి.

కానీ 2000 మార్చిలో 5,000 దాటిన నాస్‌డాక్, 2002 అక్టోబర్‌కి 1,100 దగ్గరికి పడిపోయింది. ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద కూర్చున్నవాళ్లు, తిరిగొచ్చేసినవాళ్లు ఎందరో. 2004కి కోటా మళ్లీ 65,000.

అర్థమైందా? తలుపు తెరిచింది వాళ్ల అవసరం. మూసేదీ అదే. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. కాబట్టి అప్పు చేసి ఎంఎస్‌కి పోయేముందు ఒక్కటి చూసుకోండి: వీసా రాకపోతే, అదే స్కిల్‌తో ఇక్కడ ఆ అప్పు తీరుతదా?

మీ ఇంట్లో 2000 బ్యాచ్ వాళ్లుంటే అడిగి కామెంట్‌లో చెప్పండి.