గుంటల కూడికకు దశాంశ లెక్క చెల్లదు

బెల్లంపల్లి: పట్టాదారు పాసు పుస్తకంలో భూమి విస్తీర్ణం ‘2.30’ అని ఉంటే రెండు ఎకరాల ముప్పై గుంటలని అర్థం. చూడటానికి దశాంశ సంఖ్యలా ఉన్నా ఇది మిశ్రమ భిన్నం. ఎకరానికి 40 గుంటలు గనుక దీని అసలు రూపం 2 30/40. ఇందులో 2 పూర్ణాంకం, 30 లవం, 40 హారం. ఈ తేడా గుర్తించకుండా క్యాలిక్యులేటరుపై లెక్కిస్తే రైతు నష్టపోయే ప్రమాదముంది. సింగరేణి ప్రాంతంలో ఓపెన్‌కాస్టు గనుల భూసేకరణ పరిహారమైనా, అన్నదమ్ముల భాగపంపకాలైనా విస్తీర్ణాన్ని బట్టే తేలుతాయి.

కూడిక ఇలా..

ఒక రైతుకు ఒక సర్వే నంబరులో 2 ఎకరాల 30 గుంటలు, మరో నంబరులో ఎకరం 25 గుంటలు ఉన్నాయనుకుందాం. రెండింటి హారమూ 40 కాబట్టి ఇవి సజాతి భిన్నాలు. హారాన్ని అలాగే ఉంచి, పూర్ణాంకాలను వేరుగా, లవాలను వేరుగా కలపాలి. 2, 1 కలిస్తే 3 ఎకరాలు. 30, 25 కలిస్తే 55 గుంటలు. 55లో 40 గుంటలు ఒక ఎకరమవుతాయి. మిగిలేవి 15. మొత్తం 4 ఎకరాల 15 గుంటలు.

క్యాలిక్యులేటరు మాత్రం 3.55 అని చూపుతుంది. దీన్ని దశాంశంగా తీసుకుంటే 3 ఎకరాల 22 గుంటలే అవుతుంది. అంటే 33 గుంటలు లెక్కలోంచి జారిపోయినట్టే. గుంటకు 121 చదరపు గజాల చొప్పున ఇది 3,993 గజాలు.

తీసివేతలో అప్పు 40

ఆ 4 ఎకరాల 15 గుంటలలో ఎకరం 35 గుంటలు విక్రయిస్తే మిగిలేదెంత? 15లోంచి 35 పోదు. కాబట్టి ఒక ఎకరాన్ని విడదీసి 40 గుంటలుగా మార్చుకోవాలి. అప్పుడు 4 ఎకరాల 15 గుంటలు 3 ఎకరాల 55 గుంటలవుతాయి. అందులోంచి తీసివేస్తే మిగిలేది 2 ఎకరాల 20 గుంటలు. బడిలో అలవాటైన పద్ధతిలో 100 అప్పు తెచ్చుకుంటే ‘2.80’ వస్తుంది. గుంటల లెక్కలో 40 దాటిన అంకె మిగలడమే తప్పు జరిగిందనడానికి గుర్తు.

సెంట్లతో కలపరాదు

ఆంధ్ర జిల్లాలలో ఎకరానికి 100 సెంట్లు. అక్కడ ‘2.30’ అంటే 2 ఎకరాల 30 సెంట్లు కనుక దశాంశ లెక్క సరిపోతుంది. గుంటలు, సెంట్లు విజాతి భిన్నాలు. గుంటకు రెండున్నర సెంట్ల చొప్పున మార్చుకున్న తర్వాతే కలపాలి.

లెక్క సరిచూసుకోవడం సులభమే. మిగిలిన భూమికి అమ్మిన భూమిని కలిపితే మొదటి విస్తీర్ణం రావాలి. దస్తావేజుపై సంతకం చేసే ముందే ఈ పరీక్ష చేసుకోవడం మేలు.