గంటలకో లెక్క.. నిమిషాలకో లెక్క
కొరియన్ భాషలో రెండు రకాల అంకెలు

పెనుకొండ: సమయం ఐదు గంటల ఐదు నిమిషాలు. తెలుగులో రెండు చోట్లా పలికేది ఒకే 'ఐదు'. కొరియన్ భాషలో మాత్రం గంటల ఐదు వేరు, నిమిషాల ఐదు వేరు. 'దాసొత్ షి ఓ బున్' అనవలసి ఉంటుంది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన నాటి నుంచి ఈ ప్రాంతానికి కొరియన్ భాషతో పరిచయం ఏర్పడింది. ఆ భాష నేర్చుకోదలచిన వారికి లిపి కన్నా అంకెలే అసలు పరీక్ష. పని వేళ, ధర, సరకు సంఖ్య.. ఎక్కడ పొరబడినా నష్టం తప్పదు.

కొరియన్ల సొంత అంకెలు హనా, దుల్, సెత్, నెత్, దాసొత్, యొసొత్, ఇల్గొప్, యొదొల్, అహోప్, యొల్. చైనా భాష నుంచి వచ్చినవి ఇల్, ఇ, సమ్, స, ఓ, యుక్, చిల్, పల్, గు, సిప్. (తెలుగు లిపిలో ఇవి దాదాపు ఉచ్చారణలే.) మనం ఒకటి, రెండు అని లెక్కపెడుతూనే ద్విచక్ర వాహనం, శతాబ్దం అని సంస్కృత సంఖ్యలను వాడటం లేదా? ఇదీ అటువంటిదే. అయితే అక్కడ ఎంపిక మాట్లాడేవారి ఇష్టం కాదు. గంటలకు, వస్తువులకు, మనుషులకు సాధారణంగా సొంత అంకెలు. నిమిషాలకు, తేదీలకు, డబ్బుకు, ఫోన్ నంబర్లకు చైనా అంకెలు వాడాలి. సొంత అంకెలు 99తోనే ఆగిపోతాయి. వంద నుంచి చైనా లెక్కే దిక్కు.

వస్తువులను లెక్కించేటప్పుడు మరో మెలిక ఉంది. అంకె వెనుక వస్తువును బట్టి ఒక మాట చేరుతుంది. మనుషులకు 'మ్యొంగ్', పుస్తకాలకు 'గ్వొన్', పశుపక్ష్యాదులకు 'మరి', వాహనాలకు 'దే'. అప్పుడు మొదటి నాలుగు అంకెలూ కురచబడి హన్, దు, సె, నె అవుతాయి. మూడు కార్లంటే 'సె దే', ముగ్గురు మనుషులంటే 'సె మ్యొంగ్'. మూడును మనుషులకు ముగ్గురుగా మార్చుకునే తెలుగువారికి ఇది మరీ కొత్తగా తోచదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. వెయ్యిని 'చొన్' అంటారు. పదివేలకు 'మన్' అని ప్రత్యేకంగా పేరుంది. లక్షకు విడిగా పేరు లేదు. పది మన్‌లు, అంటే 'సిప్ మన్' అనాలి. మన్ అంటే వెయ్యి అని భ్రమించిన వారు లక్ష వొన్‌లను పదివేలుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. బేరంలో ఇది చిన్న పొరపాటు కాదు. కోటి అంటే వెయ్యి మన్‌లు, పది కోట్లయితే ఒక 'ఒక్'. రాతలో మాత్రం మూడేసి సున్నాలకు కామా పెట్టడం వల్ల గందరగోళం మరింత పెరుగుతుంది.

దీనికి సులువైన ఉపాయం ఉంది. కుడి వైపు నుంచి నాలుగు స్థానాలు వదిలి గీత గీయాలి. 12,50,000లో గీతకు ఎడమన మిగిలేది 125. కనుక అది 125 మన్‌లు, 'బెక్ ఇసిప్ ఓ మన్' అని చదవాలి.

నాలుగుకు చైనా అంకె 'స'. చావు అనే అర్థమిచ్చే మాట ఉచ్చారణా అదే. అందువల్ల కొరియాలో కొన్ని లిఫ్టుల్లో నాలుగో అంతస్తు మీటపై 4కు బదులు 'ఎఫ్' అక్షరం ఉంటుంది.