కుడివైపు కుక్క ఎడమకు ఎందుకు పరిగెడుతుంది?

1900లో కొడాక్ ఒక్క డాలరుకే అమ్మిన బ్రౌనీ కెమెరాలో వ్యూఫైండరే లేదు. పెట్టె పైనున్న గీతల వెంట చూసి గురిపెట్టాలి. మరుసటేడు వచ్చిన రెండో నంబరు బ్రౌనీలో రెండు పెట్టారు: నిలువు ఫొటోకి ఒకటి, అడ్డం ఫొటోకి ఒకటి.

పెట్టెను నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూడాలి. ముందున్న బుల్లి కటకంలోంచి వచ్చిన వెలుగు 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దానికి తగిలి పైకి మళ్లుతుంది. బొమ్మ నిటారుగానే ఉంటుంది, కుడిఎడమలే తారుమారు. కుడికి పరిగెత్తే కుక్క అందులో ఎడమకు పోతుంది! దాన్ని ఫ్రేములో పట్టడం పెద్ద తంటా.

కెమెరా నెత్తిన తగిలించే విడి వ్యూఫైండర్లూ ఉన్నాయి. సేకరించేవాళ్లు ముందు వాటిమీది అంకె చూస్తారు. 5 సెం.మీ. అని ఉంటే ఆ నాభ్యంతరం ఉన్న లెన్సుకు జోడీ అన్నమాట. పాత బ్రౌనీ దొరికితే మాత్రం లోపలి అద్దాన్ని గుడ్డతో రుద్దకండి. దుమ్ముతోపాటు పూతా ఊడిరావచ్చు.