రాబోయే మోబా ఆటలు: వేటిని గమనించాలి, ఎలా గమనించాలి?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- మోబా తరహా ఆట ఎలా నడుస్తుందో, ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
- కొత్త మోబాలలో చాలా వరకు ఎందుకు నిలవలేకపోతున్నాయో కారణాలతో చెప్పగలుగుతారు.
- తయారీలో లేదా తొలి దశలో ఉన్న ఆటను సొంతంగా అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

'మల్టీప్లేయర్ ఆన్‌లైన్ బ్యాటిల్ అరీనా' అనే పేరులోని మొదటి అక్షరాలను కలిపి 'మోబా' అంటున్నారు. పలువురు ఆటగాళ్లు రెండు జట్లుగా చీలి ఇంటర్నెట్ ద్వారా తలపడే సమరాంగణ క్రీడ ఇది. ఈ తరహాలో కొత్త ఆటలు వస్తున్నాయన్న ప్రకటనలు తరచుగా వెలువడుతుంటాయి. ఆకర్షణీయమైన చిత్రాలు చూసి లక్షల మంది యువత వాటిలో చేరుతుంది. వాటిలో కొన్ని పదేళ్లకు పైగా బతుకుతున్నాయి. కొన్ని ఏడాది తిరగకుండానే మూతపడుతున్నాయి.

కబడ్డీ ఆడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గీత గీసుకుంటే చాలు. మోబా అలా కాదు. దాని బరి ఒక కంపెనీ సర్వర్లలో ఉంటుంది. కంపెనీ ఆ సర్వర్లను ఆపిన రోజున మీరు కొన్న వస్తువులు, నేర్చుకున్న నైపుణ్యం, కూడగట్టుకున్న జట్టు అన్నీ ఒక్కసారే పోతాయి. కాబట్టి ఏ కొత్త ఆటను గమనించాలి అనే ప్రశ్న మన సమయానికీ డబ్బుకూ సంబంధించినది. బొమ్మల అందంకన్నా ముందు ఆట కోసం ఎదురుచూసే మనుషుల సంఖ్యను చూడాలన్నది ఈ పాఠంలోని ప్రధానాంశం.

2. ఆట స్వరూపం

సాధారణంగా మోబాలో జట్టుకు ఐదుగురు చొప్పున పదిమంది ఆడతారు. పటానికి రెండు మూలల్లో రెండు స్థావరాలు ఉంటాయి. వాటిని కలుపుతూ మూడు దారులు ఉంటాయి. వీటిని 'లేన్లు' అంటారు. దారి పొడవునా కాపలా టవర్లు ఉంటాయి. కంప్యూటరే నడిపే చిన్న సైనికులు విడతలు విడతలుగా ఆ దారుల్లో ముందుకు సాగుతుంటారు. ప్రతి ఆటగాడూ ఒక 'హీరో'ను ఎంచుకుంటాడు. ఎదుటి సైనికులను కూల్చి బంగారం, అనుభవం సంపాదించి, ఆయుధాలు కొని, చివరికి ప్రత్యర్థి స్థావరాన్ని పడగొట్టాలి.

ఇక్కడ రెండు లక్షణాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ప్రతి పోటీ మళ్లీ మొదటినుంచీ మొదలవుతుంది. నిన్నటి బంగారం నేటికి రాదు. మిగిలేది ఆటగాడి నైపుణ్యమే. రెండవది, ఆ నైపుణ్యం నేర్వడం చాలా కష్టం. డోటా 2లో 120కి పైగా, లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 160కి పైగా హీరోలు ఉన్నారు. ప్రతి హీరో శక్తులూ, ఎదుటి హీరోతో వాటి పొంతనా తెలియాలంటే వందల గంటలు పడుతుంది.

3. పుట్టుక, విస్తరణ

ఈ తరహాను మొదట ఏ కంపెనీ కూడా పథకం వేసి తయారుచేయలేదు. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ ఆటకు అభిమానులు చేసిన 'ఈయాన్ ఆఫ్ స్ట్రైఫ్' అనే పటం దీనికి మూలం. 2003లో వార్‌క్రాఫ్ట్ 3 ఆటకు అభిమానులే చేసిన 'డోటా' దీనికి స్థిరమైన రూపం ఇచ్చింది. 2009 అక్టోబరులో రయట్ గేమ్స్ సంస్థ లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను ఉచితంగా విడుదల చేసింది. 2013 జులైలో వాల్వ్ సంస్థ డోటా 2ను పూర్తిస్థాయిలో తెచ్చింది. 2015లో చైనాలో టెన్‌సెంట్ విడుదల చేసిన హానర్ ఆఫ్ కింగ్స్ ఈ తరహాను మొబైల్ ఫోన్‌లోకి తీసుకువచ్చి భారీ విజయం సాధించింది.

ఈ విజయాలను చూసి ఎన్నో సంస్థలు రంగంలోకి దిగాయి. డోటా 2 ప్రపంచ పోటీకి 2021లో బహుమతి మొత్తం 4 కోట్ల డాలర్లు దాటిందంటే ఆ ఆశకు కారణం అర్థమవుతుంది. ఫలితాలు మాత్రం భిన్నంగా ఉన్నాయి. ఇన్ఫినిట్ క్రైసిస్ 2015 మార్చిలో విడుదలై అదే ఏడాది ఆగస్టులో మూతపడింది. డాన్‌గేట్ పరీక్షదశ దాటకుండానే ఆగిపోయింది. 2010లో వచ్చిన హీరోస్ ఆఫ్ న్యూఅర్త్ 2022 వరకు నిలిచింది. బ్లిజార్డ్ వంటి పెద్ద సంస్థ 2015లో తెచ్చిన హీరోస్ ఆఫ్ ది స్టార్మ్‌కు కూడా 2022లో కొత్త అంశాలు చేర్చడం ఆపేశారు.

4. కొత్త మోబా ఎందుకు నిలవదు?

4.1 నిరీక్షణ లెక్క

ఒక ఊహాలెక్క చూద్దాం. ఒక కొత్త ఆటలో ఒక సమయాన 2,000 మంది ఉన్నారనుకుందాం. వినడానికి ఇది మంచి సంఖ్యే. వీరు నాలుగు ఖండాల సర్వర్లలో సమానంగా ఉంటే ఒక్కొక్క చోట 500 మంది. వీరిలో 400 మంది ఇప్పటికే పోటీల్లో ఉంటే, ఎదురుచూసేవారు 100 మంది. నైపుణ్యాన్ని బట్టి ఐదు శ్రేణులు చేస్తే శ్రేణికి 20 మంది. అంటే సమ ఉజ్జీల మధ్య రెండు పోటీలు మాత్రమే సాధ్యం. ఆ 20 మందిలో సగం మంది ఒకే రకం హీరోను కోరుకుంటే అదీ కుదరదు.

అప్పుడు కంపెనీ ముందు రెండే మార్గాలు. ఆటగాళ్లను ఎక్కువసేపు ఆపాలి, లేదా కొత్తవారిని ఆరితేరినవారితో కలిపివేయాలి. మొదటిదానివల్ల విసుగు, రెండవదానివల్ల ఘోరమైన ఓటమి. రెండింటివల్లా కొందరు వెళ్లిపోతారు. మిగిలినవారి నిరీక్షణ మరింత పెరుగుతుంది. ఆర్థికశాస్త్రంలో దీనిని 'నెట్‌వర్క్ ప్రభావం' అంటారు. వాడేవారు పెరిగేకొద్దీ వస్తువు విలువ పెరుగుతుంది, తగ్గేకొద్దీ పడిపోతుంది. ఒంటరిగా ఆడే ఆట ఒక్కరు కొన్నా పనిచేస్తుంది. మోబాకు ప్రతిసారీ పదిమంది కావాలి.

4.2 మారడానికి అయ్యే ఖర్చు

డోటాలో ఐదేళ్లు గడిపిన వ్యక్తి కొత్త ఆటలోకి వస్తే అ ఆ ల నుంచి మొదలుపెట్టాలి. స్నేహితుల జట్టు మొత్తం కదిలితే తప్ప ఒక్కడూ రాడు. పాత ఆట ఉచితం కాబట్టి కొత్తది తక్కువ ధరకు వస్తుందన్న ఆకర్షణ కూడా పనిచేయదు.

4.3 దూరం

సంకేతం ఫైబర్ తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. హైదరాబాదు నుంచి సింగపూరు దాదాపు 3,300 కిలోమీటర్లు. తీగ తిన్నగా ఉన్నా సంకేతం వెళ్లి రావడానికి కనీసం 33 మిల్లీసెకన్లు కావాలి. వంపులు, మజిలీలు కలిస్తే వాస్తవంలో ఇంకా ఎక్కువ. యూరప్ సర్వర్ అయితే ఇది రెట్టింపు దాటుతుంది. తృటిలో నిర్ణయం మారిపోయే ఆటలో ఈ ఆలస్యం ఓటమిగా మారుతుంది. కాబట్టి మన దేశంలోగానీ, దగ్గరలోగానీ సర్వర్ లేని కొత్త ఆట మన ఆటగాడికి మొదటినుంచీ వెనుకబాటే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) ఎదురుచూసే ఆటగాళ్లు తగ్గితే ఆట నాణ్యత ఎందుకు పడిపోతుంది?
ఆ) నెట్‌వర్క్ ప్రభావానికి మీ అనుభవంలోని ఇంకొక ఉదాహరణ రాయండి.

5. ఒక ఉదాహరణ: పారగాన్ నుంచి ప్రెడెసెసర్ వరకు

ఎపిక్ గేమ్స్ సంస్థ 2016లో పారగాన్ అనే మోబాను ఆటగాళ్ల ముందుకు తెచ్చింది. కెమెరా హీరో వీపు వెనకనుంచి చూపడం దీని ప్రత్యేకత. బొమ్మల నాణ్యత అప్పటికి అత్యున్నతం. కానీ ఆట పటాన్నీ, కార్డుల పద్ధతినీ మధ్యలో పెద్దయెత్తున మార్చారు. ఈలోగా అదే సంస్థ 2017లో తెచ్చిన ఫోర్ట్‌నైట్ విపరీతంగా ఆదరణ పొందింది. పారగాన్ బృందంలోని కొందరు అటు మళ్లారు. 2018 ఏప్రిల్ 26న పారగాన్ సర్వర్లు ఆగిపోయాయి.

అయితే ఎపిక్ రెండు పనులు చేసింది. ఆటగాళ్లు ఖర్చుపెట్టిన సొమ్ము వాపసు ఇస్తామని ప్రకటించింది. సుమారు 1.2 కోట్ల డాలర్ల విలువైన హీరోల బొమ్మలు, దృశ్యాలు తన అన్‌రియల్ ఇంజిన్ వాడేవారికి ఉచితంగా ఇచ్చింది. ఆ సామగ్రితోనే బ్రిటన్‌లోని ఒమేడా స్టూడియోస్ ప్రెడెసెసర్‌ను నిర్మించింది. 2022 డిసెంబరులో తొలి దశ, 2024 ఆగస్టులో పూర్తి విడుదల జరిగాయి. కంప్యూటర్‌లో ఆడేవారు, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాలపై ఆడేవారు ఒకే పోటీలో కలిసేలా దీనిని తయారుచేశారు. మన నిరీక్షణ లెక్క ప్రకారం చూస్తే ఇది కీలకమైన నిర్ణయం. మూడు చిన్న గుంపులు కలిస్తే ఒక పెద్ద గుంపు అవుతుంది.

అదే పారగాన్ సామగ్రితో మరో సంస్థ తెచ్చిన 'పారగాన్: ది ఓవర్‌ప్రైమ్' 2024లోనే మూతపడింది. బొమ్మలు ఒకటే అయినా ఫలితాలు వేరయ్యాయి. ఆట మనుగడను బొమ్మలు నిర్ణయించవనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

6. గమనించదగిన మరి రెండు ఆటలు

6.1 డెడ్‌లాక్: డోటా 2ను నడిపే వాల్వ్ సంస్థే దీనిని తయారుచేస్తోంది. తుపాకి గురి చూసే ఆటనూ మోబానూ ఇందులో మేళవించారు. జట్టుకు ఆరుగురు. 2024 ఆగస్టులో వాల్వ్ దీని ఉనికిని బహిరంగంగా అంగీకరించింది. ఆహ్వానం అందినవారికే ప్రవేశం ఉన్నా, ఆ సెప్టెంబరులో ఒకే సమయాన ఆడినవారి సంఖ్య 1.7 లక్షలు దాటింది. తరవాతి నెలల్లో బాగా తగ్గింది. 2025 ఆగస్టులో ఆరుగురు కొత్త హీరోలను చేర్చినప్పుడు మళ్లీ పెరిగింది. మొదట నాలుగు లేన్లు ఉండగా 2025లో మూడుకు తగ్గించారు. పరీక్షదశలోనే ఇంత మౌలికమైన మార్పు చేయగలగడం, తొందర లేని పెట్టుబడి ఉండడం దీని బలాలు. స్పష్టమైన విడుదల తేదీ లేకుండా పరీక్షదశ సాగడం బలహీనత.

6.2 స్మైట్ 2: అమెరికాలోని హై-రెజ్ స్టూడియోస్ 2014లో విడుదల చేసిన స్మైట్‌లో హీరోలలో ఎక్కువమంది వివిధ దేశాల పురాణ పాత్రలే. వామనుడు, అగ్ని, కాళి కూడా అందులో ఉన్నారు. దాని రెండవ రూపం 2025 జనవరిలో అందరికీ ఉచితంగా తెరుచుకుంది. ఇంజిన్ మారడంతో పాత ఆటలో కొన్న వేషాలు కొత్తదానికి రావు. బదులుగా పాత ఖర్చును లెక్కగట్టి, కొత్త కొనుగోళ్లలో కొంత భాగానికి వాడుకునే నాణేలు ఇచ్చారు. పాత ఆటగాళ్లను పోగొట్టుకోకుండా కొత్త ఇంటికి మారడం ఎంత కష్టమో ఇది చూపుతుంది.

7. మన దేశ పరిస్థితులు

మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్‌లోనే. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో మొబైల్ లెజెండ్స్ ఉంది. సెప్టెంబరులో నిషేధించిన 118లో అరీనా ఆఫ్ వేలర్ ఉంది. ఆటలో తప్పేమీ లేకున్నా ప్రభుత్వ నిర్ణయంతో ఆటగాళ్లు బరి కోల్పోవచ్చని దీనివల్ల తెలుస్తుంది. మరోపక్క 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో భారత జట్టు డోటా 2లో కాంస్యం గెలిచింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తూ, డబ్బు పందెం ఆటలను నిషేధించింది. ఈ తేడాను విద్యార్థులు స్పష్టంగా తెలుసుకోవాలి.

8. గమనించే పద్ధతి

కొత్త మోబా గురించి విన్నప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.
1. విడుదలైన మొదటి వారంలో కాక మూడవ నెలలో ఎంతమంది ఆడుతున్నారు? స్టీమ్ వేదికపై ఉన్న ఆటలకు ఈ సంఖ్య అందరికీ కనబడుతుంది.
2. మీరు ఆడే సమయంలో పోటీ దొరకడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది?
3. మీకు దగ్గరలో సర్వర్ ఉందా?
4. డబ్బుతో గెలుపు కొనవచ్చా, లేక వేషాలు మాత్రమే అమ్ముతున్నారా?
5. ఆట మూతపడితే కొన్నవాటి సంగతేమిటో కంపెనీ ముందే చెప్పిందా?

మూడవ నెల వరకు డబ్బు పెట్టకుండా ఆడి చూడడం ఉత్తమం. అప్పటికి నిరీక్షణ సమయం పెరుగుతూ ఉంటే ఆ ఆట భవిష్యత్తు మీకు అర్థమైనట్టే.

9. సారాంశం

మోబా అభిమానుల చేతుల్లో పుట్టి కంపెనీల చేతుల్లోకి వెళ్లిన ఆట. దానికి ప్రతి క్షణం సమ ఉజ్జీలైన పదిమంది కావాలి. ఆ పదిమందిని కూర్చలేని ఆట ఎంత అందంగా ఉన్నా నిలవదు. పారగాన్, ప్రెడెసెసర్‌ల చరిత్ర దీనికి నిదర్శనం. డెడ్‌లాక్, స్మైట్ 2లను గమనించవలసింది కూడా ఈ కోణం నుంచే.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొత్త మోబాలు నిలదొక్కుకోలేకపోవడానికి గల కారణాలను నెట్‌వర్క్ ప్రభావం ఆధారంగా వివరించండి.
2. పారగాన్ మూసివేత, ప్రెడెసెసర్ నిర్మాణం మనకు చెప్పే విషయాలను చర్చించండి.

II. ఈ కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సర్వర్ దూరం ఆటపై చూపే ప్రభావం.
2. ఈ-స్పోర్ట్స్‌కూ డబ్బు పందెం ఆటలకూ గల తేడా.