మీకు తెలుసా? జాకీ కారును ఎత్తడానికే, మోయడానికి కాదు

కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. హైడ్రాలిక్ జాకీ అయినా లోపలి సీలు కారితే బండి కిందికి దిగిపోతుంది. కిందికి దూరి పని చేయాలంటే బరువు జాకీ స్టాండ్ల మీదే ఉండాలి. నల్లరేగడి నేల వాన పడితే మెత్తబడుతుంది, జాకీ ఒక పక్కకి కూరుకుపోతుంది. అందుకే చదునైన గచ్చు మీదే ఎత్తాలి.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి: మన కార్లలో ఎక్కువ వాటికి హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పట్టి ఉంచుతుంది. వెనక భాగం లేపితే అది ఉన్నా లేనట్టే! ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి తీరాలి. సిమెంటు ఇటుకలు పేర్చి బండిని నిలపడం మరీ ప్రమాదం, అవి ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్ల మీదికి దించాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఏమాత్రం కదిలినా కిందికి వెళ్లొద్దు.