అందరికీ ఒకటే కారు, మరి తేడా ఎక్కడ? 2024 ఫార్ములా 2 సీజన్ చెప్పే లెక్క

2024 జూలై 20. హంగేరీలోని హంగరోరింగ్ ట్రాక్ మీద ఫార్ములా 2 స్ప్రింట్ రేస్ అయిపోయింది. ట్రైడెంట్ టీమ్ డ్రైవర్ రిచర్డ్ వెర్షూర్ ఫస్ట్ వచ్చాడు, పోడియం ఎక్కాడు, ట్రోఫీ తీసుకున్నాడు. తర్వాత జరిగిన టెక్నికల్ చెకింగ్‌లో అతని కారు ఫెయిలయ్యింది. కారణం ఇంజిన్‌లో ఎక్స్‌ట్రా పవర్ కాదు, వింగ్ సైజు కాదు. యాక్సిలరేటర్ పెడల్ సెట్టింగ్! వెర్షూర్ డిస్‌క్వాలిఫై అయ్యాడు. రెండో స్థానంలో ఉన్న బెంగళూరు కుర్రాడు కుష్ మైనీకి విజయం దక్కింది. ఎఫ్2లో అతనికి అదే మొదటి గెలుపు.

ఒక సెట్టింగ్ తేడాకి గెలిచిన రేస్ పోతుందా అనిపిస్తుంది కదా? ఎఫ్2 ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ నిర్ణయం వింతగా అనిపించదు. అందుకే ఈ రోజు ఫోన్లు పక్కన పెట్టి ఒక రేసింగ్ సీజన్‌ని రివ్యూ చేద్దాం. మనం రోజూ చేసే బెంచ్‌మార్క్ గొడవలకి, దీనికి చాలా దగ్గర పోలిక ఉంది.

ముందు బేసిక్స్: ఎఫ్2 అంటే ఏంటి?

టైర్లు బాడీ బయటికి కనిపించే కార్లతో నడిచే రేసుల్ని ఓపెన్ వీల్ రేసింగ్ అంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేస్ చూసుంటే, ఆ తరహా కార్లు మీరు చూసినట్టే. ఈ కుటుంబంలో పై మెట్టు ఫార్ములా 1. దానికి సరిగ్గా ఒక మెట్టు కింద ఉండేది ఫార్ములా 2. కుర్ర డ్రైవర్లు ఎఫ్1కి పనికొస్తారా లేదా అని తేల్చే చివరి పరీక్ష ఇదే.

ఎఫ్1లో ప్రతి టీమ్ తన కారు తానే డిజైన్ చేసుకుంటుంది. ఎఫ్2లో అలా కాదు. 11 టీమ్‌లు, 22 మంది డ్రైవర్లు, అందరికీ ఒకటే కారు. 2024లో ఆ కారు కూడా కొత్తదే వచ్చింది. దాని స్పెసిఫికేషన్స్ ఇవీ:

- ఛాసిస్: ఇటలీ కంపెనీ డల్లారా తయారీ
- ఇంజిన్: మెకాక్రోమ్ 3.4 లీటర్ల వీ6, సింగిల్ టర్బో, సుమారు 620 హార్స్‌పవర్
- గేర్లు: 6, స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్స్‌తో మార్చుకోవాలి
- టైర్లు: పిరెల్లీ, 18 అంగుళాల వీల్స్
- డీఆర్ఎస్: ఉంది (ఓవర్‌టేక్ కోసం వెనక వింగ్ తెరుచుకునే సిస్టమ్)
- హైబ్రిడ్ మోటార్: లేదు
- పవర్ స్టీరింగ్: లేదు
- ట్రాక్షన్ కంట్రోల్: లేదు
- టైర్లని ముందే వేడి చేసే దుప్పట్లు: లేవు

ఆ చివరి నాలుగు "లేవు"లే ఎఫ్2 అసలు క్యారెక్టర్. పిట్‌లో టైర్లు మార్చుకుని బయటికొస్తే అవి చల్లగా ఉంటాయి, గ్రిప్ దొరకదు. 620 హార్స్‌పవర్‌ని వెనక టైర్లు జారకుండా రోడ్డు మీదికి దించాల్సింది డ్రైవర్ కుడికాలే. సాఫ్ట్‌వేర్ ఏమీ కాపాడదు.

పెడల్ సెట్టింగ్‌కి అంత సీన్ ఎందుకు?

ఇప్పుడు వెర్షూర్ కేసుకి వద్దాం. ఈ కార్లలో పెడల్‌కి, ఇంజిన్‌కి మధ్య కేబుల్ ఉండదు. పెడల్ ఎంత నొక్కామో సెన్సర్ చదువుతుంది. ఈసీయూ అంటే ఇంజిన్ కంప్యూటర్, ఆ నంబర్‌ని ఒక టేబుల్‌లో చూసుకుని థ్రాటిల్ ఎంత తెరవాలో నిర్ణయిస్తుంది. ఆ టేబుల్‌నే పెడల్ మ్యాప్ అంటారు.

గేమింగ్ కంట్రోలర్‌లో ట్రిగ్గర్ సెన్సిటివిటీ కర్వ్ మార్చుకుంటాం కదా, అచ్చం అలాంటిదే. ఉదాహరణకి పెడల్ సగం నొక్కితే థ్రాటిల్ సగం తెరుచుకునేలా పెట్టొచ్చు, పావు వంతే తెరుచుకునేలా కూడా పెట్టొచ్చు. రెండో పద్ధతిలో పవర్ నెమ్మదిగా వస్తుంది కాబట్టి కార్నర్ నుంచి బయటికొచ్చేటప్పుడు టైర్లు జారే ఛాన్స్ తగ్గుతుంది. అంటే ట్రాక్షన్ కంట్రోల్ చేసే పనిలో కొంత ఈ కర్వే చేసిపెట్టగలదు. అందుకే మ్యాప్ ఎలా ఉండాలన్నదానికి రూల్స్ ఉన్నాయి. వెర్షూర్ కారులో ఉన్నది ఆ రూల్‌కి సరిపోలేదు.

కావాలని చేశారా, పొరపాటున జరిగిందా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అందరికీ ఒకటే హార్డ్‌వేర్ అని చెప్పి పోటీ పెట్టినప్పుడు, ఒకరి దగ్గర వేరే కాన్ఫిగరేషన్ ఉంటే ఆ రిజల్ట్‌కి విలువ లేదు. రూట్ చేసిన ఫోన్‌తో తీసిన బెంచ్‌మార్క్ స్కోరుని మనం ఒప్పుకోం కదా, ఇదీ అంతే.

ఇందులో ఇంకో ట్విస్ట్ ఉంది. అదే సీజన్ మొదటి రౌండ్‌లో, బహ్రెయిన్‌లో, క్వాలిఫయింగ్‌లో ఫస్ట్ వచ్చింది కుష్ మైనీయే. కానీ టెక్నికల్ రూల్ కింద అతన్ని డిస్‌క్వాలిఫై చేశారు. పోల్ పొజిషన్ అతని టీమ్‌మేట్ గాబ్రియెల్ బోర్టొలెటోకి వెళ్ళింది. బహ్రెయిన్‌లో పోల్ పోగొట్టిన చెకింగ్ రూమే హంగేరీలో గెలుపు తెచ్చిపెట్టింది.

మరి టీమ్‌లు చేసేదేంటి?

ఇంజిన్ సీల్ వేసి ఉంటుంది, టీమ్‌లు విప్పడానికి లేదు. సొంత పార్ట్స్ తయారు చేసుకోవడానికి లేదు. చేతిలో ఉండేవి సెటప్ ఆప్షన్స్ మాత్రమే: వింగ్ యాంగిల్, సస్పెన్షన్, కారు ఎత్తు, టైర్ ప్రెషర్, బ్రేక్ బ్యాలెన్స్ లాంటివి. ఒకే చిప్‌సెట్ ఉన్న రెండు ఫోన్లలో ఒకటి పది నిమిషాల గేమింగ్‌కే వేడెక్కి స్లో అవుతుంది, ఇంకోటి అవ్వదు. కంపెనీ చేసే ట్యూనింగ్‌లో తేడా అది. ఇక్కడా అంతే.

పైగా ప్రాక్టీస్‌కి ఇచ్చేది ఒక్క 45 నిమిషాల సెషన్. తర్వాత 30 నిమిషాల క్వాలిఫయింగ్. ఆ తర్వాత నేరుగా రెండు రేసులు. శనివారం స్ప్రింట్: క్వాలిఫయింగ్‌లో టాప్ 10 వచ్చినవాళ్ళని తిరగేసి నిలబెడతారు, అంటే పదోవాడు ముందు, మొదటివాడు పదో స్థానంలో. గెలిస్తే 10 పాయింట్లు. ఆదివారం ఫీచర్ రేస్: క్వాలిఫయింగ్ ఆర్డర్‌లోనే మొదలవుతుంది, పిట్ స్టాప్ తప్పనిసరి, గెలిస్తే 25 పాయింట్లు. 2024లో ఇలాంటి వీకెండ్స్ 14, రేసులు 28.

ఆ సంవత్సరం కొత్త కారు కావడంతో పాత డేటా పెద్దగా పనికిరాలేదు. దెబ్బ గట్టిగా తగిలింది ప్రేమా టీమ్‌కి. ఫెరారీ కుర్రాడు ఆలివర్ బేర్‌మన్, మెర్సిడెస్ కుర్రాడు కిమీ ఆంటొనెల్లీ, ఇద్దరూ అక్కడే ఉన్నారు. సీజన్ మొత్తం వీళ్ళదే అని అందరూ అనుకున్నారు. ఆంటొనెల్లీ ఆరో స్థానంలో, బేర్‌మన్ పన్నెండో స్థానంలో ఆగిపోయారు.

టైటిల్ ఎలా తేలింది?

అసలు పోటీ ఇన్‌విక్టా టీమ్ బోర్టొలెటోకి, కాంపోస్ టీమ్ ఇసాక్ హజార్‌కి మధ్య నడిచింది. బోర్టొలెటో బ్రెజిల్ వాడు, 2023 ఎఫ్3 ఛాంపియన్. హజార్ ఫ్రాన్స్ నుంచి, రెడ్ బుల్ జూనియర్.

హజార్ గెలిచిన రేసులు నాలుగు: మెల్‌బోర్న్, ఇమోలా, సిల్వర్‌స్టోన్, స్పా. నాలుగూ 25 పాయింట్ల ఫీచర్ రేసులే. బోర్టొలెటో గెలిచినవి రెండే, ఆస్ట్రియా, మోంజా. అయినా ఛాంపియన్ బోర్టొలెటో. ఎలా అంటే, గెలవని రోజుల్లో కూడా పాయింట్లు తెచ్చుకుంటూ పోయాడు. పీక్ స్కోరు హజార్‌ది, సస్టెయిన్డ్ పెర్ఫార్మెన్స్ బోర్టొలెటోది.

మోంజా గెలుపు గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. క్వాలిఫయింగ్‌లో తప్పు చేసి గ్రావెల్‌లో ఇరుక్కున్నాడు. ఫీచర్ రేస్‌కి 22వ స్థానం, అంటే గ్రిడ్‌లో ఆఖరివాడు. అక్కడి నుంచి రేస్ గెలిచాడు! స్ట్రాటజీ, సేఫ్టీ కార్ టైమింగ్ కలిసొచ్చిన మాట నిజమే. కానీ అందరికీ అదే కారు, అదే పవర్ ఉన్న చోట అదృష్టం ఒక్కటే 21 మందిని దాటించదు.

ఆఖరి రౌండ్ అబుదాబికి వచ్చేసరికి ఇద్దరి మధ్య తేడా ఎంతో తెలుసా? అర పాయింట్. శనివారం స్ప్రింట్ తర్వాత అది 4.5 అయ్యింది. ఆదివారం ఫీచర్ రేస్ లైట్లు ఆరగానే అందరూ కదిలారు, హజార్ కారు మాత్రం కదల్లేదు. ఇంజిన్ ఆగిపోయింది. ఈ కార్లలో క్లచ్ వదలడం చేతి వేళ్ళతో చేసే పని, సెకనులో చిన్న భాగం తేడా వచ్చినా ఇంజిన్ స్టాల్ అవుతుంది. ఆ కొత్త కారుతో ఆ సీజన్‌లో చాలామందికి ఇదే కష్టం ఎదురైంది. హజార్‌కి మాత్రం సరిగ్గా టైటిల్ రోజున వచ్చింది. బోర్టొలెటో రెండో స్థానంలో ఫినిష్ చేశాడు. ఫైనల్ స్కోరు 214.5 – 192.

స్కోర్ చూసి ఫోన్ కొనొచ్చా?

ఇప్పుడు అసలు ప్రశ్న. అందరికీ ఒకటే కారు కదా, అయితే పాయింట్ల టేబుల్ చూసి ఎవరు గొప్పో చెప్పెయ్యొచ్చా? ఎఫ్1 టీమ్‌లు ఏం చేశాయో చూడండి.

ఛాంపియన్ బోర్టొలెటోని సాబర్, రెండో స్థానంలో ఉన్న హజార్‌ని రేసింగ్ బుల్స్ తీసుకున్నాయి. ఇంతవరకు ఓకే. మూడో స్థానం పాల్ ఆరన్‌ది. ఎఫ్2లో టాప్ 3లో వస్తే ఎఫ్1 సూపర్ లైసెన్స్‌కి కావాల్సిన 40 పాయింట్లూ ఒకేసారి వచ్చేస్తాయి. అయినా అతనికి 2025లో రేస్ సీటు దొరకలేదు, ఆల్పీన్ రిజర్వ్ డ్రైవర్ అయ్యాడు. నాలుగో స్థానం జేన్ మలోనీ ఫార్ములా ఈకి వెళ్ళాడు. ఆరో స్థానం ఆంటొనెల్లీకి ఏకంగా మెర్సిడెస్‌లో హామిల్టన్ ఖాళీ చేసిన సీటు. పన్నెండో స్థానం బేర్‌మన్‌కి హాస్. ఇక ఫ్రాంకో కొలపింటో అయితే సీజన్ మధ్యలోనే ఎఫ్2 వదిలి విలియమ్స్ ఎఫ్1 కారు ఎక్కాడు. ఒక్క గ్రిడ్ నుంచి ఐదుగురు!

బేర్‌మన్ సంగతి చూస్తే ఇది అర్థమవుతుంది. 2024 మార్చిలో జెద్దాలో ఎఫ్2 పోల్ కొట్టాడు. మర్నాడు ఫెరారీ డ్రైవర్ సైంజ్‌కి అపెండిక్స్ సమస్య రావడంతో 18 ఏళ్ళ బేర్‌మన్‌ని ఎఫ్1 కారులో కూర్చోబెట్టారు. ఒక్క ప్రాక్టీస్ సెషన్‌తో రేస్‌లో దిగి ఏడో స్థానం తెచ్చాడు. ఎఫ్2 టేబుల్‌లో ఆ వీకెండ్ అతనికి నష్టమే, ఎందుకంటే రెండు రేసులూ వదులుకున్నాడు. కానీ టీమ్‌లకి కావాల్సిన రియల్ వరల్డ్ టెస్ట్ రిజల్ట్ అక్కడే వచ్చేసింది. ఆంటొనెల్లీదీ అంతే, పాత ఎఫ్1 కార్లతో చేయించిన టెస్టుల డేటా అంతా మెర్సిడెస్ చేతిలో ఉంది.

ఇక మన మైనీ దగ్గరికి వద్దాం, ఫ్యాన్‌గా కొంచెం కష్టమైన పార్ట్ ఇదే. బేర్‌మన్ తప్పుకున్న ఆ జెద్దా ఫీచర్ రేస్‌లో ముందు నిలబడే ఛాన్స్ మైనీకి వచ్చింది, రెండో స్థానంలో ఫినిష్ చేశాడు. హంగేరీ గెలుపు ఉండనే ఉంది. సీజన్ చివరికి 74 పాయింట్లు, 13వ స్థానం. బేర్‌మన్‌కి 75. తేడా ఒక్క పాయింట్, ఒకరు ఎఫ్1లో, ఇంకొకరు మళ్ళీ ఎఫ్2లో. అన్యాయం అనిపిస్తుంది. కానీ బేర్‌మన్ నాలుగు రేసులు ఆడలేదు. అన్నిటికన్నా ముఖ్యం, మైనీ నడిపిన అదే టీమ్‌లో, అదే కారులో బోర్టొలెటో 214.5 తెచ్చాడు. రేసింగ్‌లో టీమ్‌మేట్‌ని మించిన బెంచ్‌మార్క్ లేదు. ఇండియన్ అని మనం ఎంత సపోర్ట్ చేసినా, ఆ నంబర్ దాచలేం.

అయితే ఒక్క సీజన్ నంబర్‌తో డ్రైవర్ కథ ముగిసిపోదు. 2025లో మైనీ డామ్స్ టీమ్‌కి మారాడు, మే నెలలో మొనాకో స్ప్రింట్ రేస్ గెలిచాడు. ఈసారి చెకింగ్ రూమ్ నుంచి ఫోన్ రావాల్సిన పని లేకుండా, ట్రాక్ మీదే ఫస్ట్ వచ్చి.

ఫైనల్ వర్డిక్ట్

ఎఫ్2 చూడటం మొదలుపెట్టాలనుకుంటే ఓవరాల్ టేబుల్‌తో మొదలుపెట్టకండి. ముందు ఒకే టీమ్‌లో ఉన్న ఇద్దరి మధ్య తేడా చూడండి. తర్వాత ఆదివారం రిజల్ట్స్ చూడండి, ఎందుకంటే అక్కడ తిరగేసిన గ్రిడ్ ఉండదు. ఆ తర్వాతే మొత్తం పాయింట్లు. 2024 గ్రిడ్ నుంచి వెళ్ళిన ఆంటొనెల్లీ 2025లో కెనడాలో, హజార్ జాండ్‌వూర్ట్‌లో ఎఫ్1 పోడియం ఎక్కేశారు. రేపటి ఎఫ్1 పేర్లు ముందే తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి ప్రివ్యూ లేదు.